ఆర్విల్ గీరిన చోటికి జింక రాలేదు

"ఎవడో నా జింకని కాజేశాడు," అంటూ ఆర్విల్ బూట్లయినా విప్పకుండా ఇంగ్రిడ్ హాగెన్ వంటింట్లో కూలబడ్డాడు.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం ఉత్తరాన డిటెక్టివ్ అంటే ఇంగ్రిడే. సహాయకుడు వెండెల్, ఆవిడ తుమ్మినా అందులో ఏదో ఆధారం దొరికిందనుకునే రకం.

మగజింక నేల గీరి, పైన వేలాడే రెమ్మకి మొహం రుద్ది, తన వాసన వదిలిపోతుంది. ఆర్విల్ ఏటా మేపుల్ చెట్టు కింద కర్రతో అలాగే గీరి, జింక మూత్రం చల్లి, ఒక పెద్ద మగజింకని రప్పిస్తాడు. పోయిన వారం నుంచి అది రావడం మానేసింది.

"శనివారం వేట మొదలు. ఆ ఒక్కదాని తల దక్కితే చాలు, ఇల్లమ్మేసి వెచ్చటి ఫ్లోరిడా పోతాం. ఇది పక్కింటి గస్ గాడి పనే."

"మీరెళ్ళి చూశారా?"

"మనిషి వాసన తగిలితే అదింక వస్తుందాండీ? అక్కడ కట్టిన కెమెరాలో చూస్తున్నా. నేలంతా బాగానే ఉంది."

ఇంగ్రిడ్ ముందు వెండెల్‌తో కలిసి వాళ్ళింటికెళ్ళింది. ఆర్విల్ భార్య మార్లిస్ యాపిల్ ముక్కలు కూరి కాల్చిన 'పై' పెట్టింది. ఇంగ్రిడ్ తింటూ పెరట్లో యాపిల్ చెట్లని మెచ్చుకుంది. ప్రతి కొమ్మా మొగ్గకి కాస్త పైన, ఏటవాలుగా కత్తిరించి ఉంది.

"వాటి మీద మా ఆవిడ తన చెయ్యి తప్ప ఇంకోటి పడనివ్వదు," అన్నాడు ఆర్విల్.

తర్వాత ఇంగ్రిడ్ ఒక్కతే మేపుల్ దగ్గరికెళ్ళి, వస్తూ గస్‌ని వెంటబెట్టుకొచ్చింది.

"నీ మొహం చూసి దానికి విసుగొచ్చుంటుందిరా," అన్నాడు గస్, 'పై' ముక్క అందుకుంటూ.

"గస్ గారి పని కాదు," అంది ఇంగ్రిడ్. "ఆర్విల్ గారూ, మీ కెమెరా నేలనే చూస్తోంది, మీరూ నేలనే చూస్తున్నారు. పైన రెమ్మ లేదు. రుద్దుకోడానికేమీ లేని చోటికి ఆ మగజింక ఎందుకొస్తుంది? ఎవరో కెమెరాకి కనబడకుండా చెట్టు వెనక నించి ఆ రెమ్మని కోశారు. మొగ్గకి కాస్త పైన, ఏటవాలుగా."

వెండెల్ కిటికీలోంచి యాపిల్ చెట్లకేసి చూసి నోరు తెరిచాడు.

"నేనే కోశాను," అంది మార్లిస్. "అది బతికుంటే మనం ఇక్కడే ఉంటాం. ఫ్లోరిడా వద్దని మూడేళ్ళుగా చెప్తున్నా."

"నాకెప్పుడు చెప్పావు?"

"నువ్వా కెమెరా చూసుకుంటున్నప్పుడల్లా."

ఆర్విల్ టోపీ తీసి కుర్చీకి తగిలించాడు.

"ఫ్లోరిడాలో జింకలు కుక్కంతే ఉంటాయట," అన్నాడు చివరికి. "అయినా నేను పోతే ఈ గస్ గాడికి తోచదు."

"నాకేం," అన్నాడు గస్, మొహం వెలిగిపోతుండగా.

మార్లిస్ మొగుడి పళ్ళెంలో ఇంకో పెద్ద ముక్క వేసింది.