సీటు కింద రెండో బ్యాటరీ

ఖమ్మంలో ఇరవై ఏళ్లుగా బండ్లకు కరెంటు పని చేస్తున్నాను. ఏ తీగ ఎటు పోతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఆ పొగరే నా కొంప ముంచింది.

మా షబ్రీన్‌కు తొమ్మిదేళ్లు, ఉబ్బసం. ఫోన్‌లో వీడియోలు చూసి, అడవిలో బండిలోనే పడుకుందామని నెల రోజులు నా ప్రాణం తీసింది. దాని ఆవిరి మెషీన్‌కు కరెంటు కావాలి కాబట్టి మా వ్యాన్ వెనక సీటు కింద రెండో బ్యాటరీ బిగించాను. అది వాగులో కొట్టుకుపోయి నలుగురు చనిపోయిన జీపుది. జీపు తుక్కయినా బ్యాటరీ బాగానే ఉంది.

రెండో బ్యాటరీని ఇంజిన్ బ్యాటరీకి నేరుగా కలపకూడదు. మధ్యలో రిలే పెడితే, ఇది ఖాళీ అయినా ఇంజిన్‌ది మిగులుతుంది. "సచ్చినోళ్ల బండి కరెంటు నీ బండిలకి రానియ్యొద్దురా అర్షద్," అని కూడా అనేవాడు మాకు పని నేర్పిన మోతీ ఉస్తాద్. మేం నవ్వుకునేవాళ్లం. ఆ రోజు రిలే దొరకలేదు. ఒక్క రాత్రికి ఏమవుతుందిలే అని రెండింటినీ తీగతో కలిపేశాను.

చండ్రుగొండ దాటాక అడవి అంచున, వాగు ఒడ్డున ఆగాం. సిగ్నల్ లేదు. ఎండుటాకుల వాసన, సన్నగా నీళ్ల చప్పుడు. షబ్రీన్ గుడ్డుకూరతో రెండు రొట్టెలు తిని, చిన్న బల్బు వెలుగులో పడుకుంది. దాన్ని చూస్తుంటే కడుపు నిండిపోయింది.

పొద్దుపోయాక దానికి ఆయాసం మొదలైంది. మెషీన్ పెట్టాం. రెండు నిమిషాలు ఆడి ఆగిపోయింది.

మీటర్ పెట్టి చూశాను. సాయంత్రం నిండుగా ఉన్న బ్యాటరీ దాదాపు ఖాళీ. బల్బు ఆర్పాను. ఫ్యూజులన్నీ పీకేశాను. అయినా అంకె దిగుతూనే ఉంది...

"జల్దీ బండి తియ్యుండ్రి, దవాఖానాకు పోదాం," అంది నా భార్య రహీమున్నీసా.

తాళం తిప్పాను. టక్కుమంది, అంతే. ఇద్దరం దిగి నెట్టాం. చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి.

మళ్లీ లోపలికి వస్తే బురదనీళ్ల వాసన. చీకట్లో పిల్లికూతల్లాంటి షబ్రీన్ శ్వాస... దాని కింద ఇంకొకటి.

"ఏందది?" గుసగుసగా అడిగింది రహీమున్నీసా.

సీటు కింద నుంచి ఊపిరి. తీరిగ్గా, లోతుగా. షబ్రీన్ శ్వాస చిన్నదయ్యే కొద్దీ అది పెద్దదవుతోంది. తీగలు కోసేశాను. ఆగలేదు. పిల్లను భుజాన వేసుకుని రోడ్డు వైపు పరుగెత్తాను. ఆ ఊపిరి కూడా నా చెవి పక్కనే వచ్చింది.

"అబ్బాజాన్... దిగమను," అంది షబ్రీన్.

"ఎవర్ని బేటా?"

"నా మీద కూసున్నోళ్లని..."

రోడ్డు ఎక్కేలోపే నా పిల్ల పోయింది. నేనే చంపుకున్నాను. అందులో ఇంకో మాట లేదు.

దారిలో ఒక్క బండి కూడా రాలేదు. తిరిగి వ్యాన్‌కే తెచ్చి సీటు మీద పడుకోబెట్టాం. ఏడవడానికి కూడా మాకు ఓపిక లేదు.

తెల్లవారింది. షబ్రీన్ తల దగ్గరి కిటికీ అద్దం మసకబారి ఉంటే చేత్తో తుడిచాను. మళ్లీ మసకబారింది. రహీమున్నీసా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఏమీ లేదు. ఒళ్లు చల్లగా ఉంది.

అద్దం మీద, లోపలి వైపు, మసక వస్తోంది... పోతోంది... వస్తోంది.