గడ్డి జాతకం

"కాళ్ళు కడుక్కుని రండి," అన్నాడు గోపాలకృష్ణ, తెర మీంచి చూపు తిప్పకుండానే.

గుమ్మంలో నిలబడ్డ కామేశ్వరి తన కాళ్ళ వైపు చూసుకుంది. మోకాళ్ళ దాకా బురద. చేతిలో గోనెసంచి, దాని అడుగు నుంచి ధారగా నీళ్ళు.

"కంప్యూటర్లో గడ్డి పెంచేది మీరేనాండి?"

"అవును."

"గోదాట్లో దిగి దాన్ని కొలిచేది నేనండి. మీ గడ్డికి బురద పడదా?"

"గడ్డికి పడుతుంది. కంప్యూటరుకే పడదు."

"అయితే మీ ఇద్దరూ ఏసీలో కూర్చోండి," అని సంచి గుమ్మంలోనే వదిలేసి వెళ్ళిపోయింది. గోపాలకృష్ణ అప్పుడు తలెత్తాడు. కానీ అప్పటికి జడ తప్ప ఏమీ కనిపించలేదు.

ఎనభై ఏడో సంవత్సరం అది. దేశమంతా కంప్యూటరు జపం చేస్తున్న రోజులు. ఏ పథకానికైనా కాగితం మీద ఆ ఒక్క మాట రాస్తే చాలు, డబ్బు దానంతటదే నడిచి వచ్చేది. అలా పాండిచ్చేరి నుంచి యానాంకి ఒక పథకమూ, దాని వెనకాల ఒక కంప్యూటరూ వచ్చాయి. హెడ్ క్లర్కు వీరభద్రరావు గారు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టించారు. ఆఫీసులో ఉన్న ఒక్క మంచి గది దానికిచ్చి, ఏసీ పెట్టి, సిబ్బందిని వరండాలో కూర్చోబెట్టారు. ఏప్రిల్ ఎండలు ముదిరేసరికి అందరికీ ఆ గదిలోనే ఏదో అర్జంటు పని ఉన్నట్టు తెలిసింది.

పని నిజానికి మంచిదే. గోదావరి సముద్రంలో కలిసే చోట, లోతు తక్కువ నీళ్ళ అడుగున, పచ్చికబయలులా సముద్రపు గడ్డి పెరుగుతుంది. రొయ్యపిల్లలూ పీతలూ అందులోనే పెద్దవవుతాయి. ఆ గడ్డికి ఎంత ఎండ అందుతోంది, నీళ్ళలో ఉప్పెంత, బురదెంత అని లెక్కలిస్తే, ఐదేళ్ళ తర్వాత ఆ బయలు ఎంతవరకు పాకుతుందో గోపాలకృష్ణ రాసిన ప్రోగ్రాం గీత గీసి చెబుతుంది. లెక్కలు తెచ్చేది కామేశ్వరి. బోటనీలో ఎమ్మెస్సీ, ఫస్టు క్లాసు. వీరభద్రరావు గారి అమ్మాయి కూడా కావడం వల్ల ఆ ఫస్టు క్లాసుని ఊళ్ళో ఎవరూ నమ్మలేదు.

జూలైలో వానలు పట్టుకున్నాయి. పడవ మీద వెళ్ళడానికి వీల్లేక ఆమె కూడా ఆ గదిలోనే చిక్కుబడింది. ఈసారి కాళ్ళు కడుక్కునే వచ్చింది.

"ఇదేంటండి, అంతా పచ్చగానే ఉంది?" అంది తెర చూసి.

"ఈ తెరకి ఉన్నది ఆ ఒక్క రంగే. చచ్చిన గడ్డి కూడా పచ్చగానే కనిపిస్తుంది."

"పాండిచ్చేరి వాళ్ళకి సరిపోయింది."

గోపాలకృష్ణ నవ్వాడు. ఆమె మాత్రం నవ్వలేదు. గీత వైపే చూస్తోంది. ఆ గీత దిగిపోతోంది. ఒడ్డున కొత్తగా తవ్వుతున్న రొయ్యల చెరువుల మట్టి నీళ్ళలోకి వస్తోంది, అడుగున గడ్డికి ఎండ అందడం లేదు. మొన్న వేసవిలో తను దిగి చూసిన బయలు, ఇంకో ఐదేళ్ళకి ఉండదని ఆ గీత చెబుతోంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గడ్డి కోసం కన్నీళ్ళు పెట్టుకునే అమ్మాయిని గోపాలకృష్ణ అంతకుముందు చూడలేదు. ప్రేమించేశాడు, అంతే. ఆ మాట పైకి చెప్పడానికి మాత్రం అతని దగ్గర ప్రోగ్రాం ఏమీ లేదు.

ఆ వారమే డైరెక్టరు ఉమామహేశ్వరం గారు పాండిచ్చేరి నుంచి దిగారు.

"గీత పైకి వెళ్ళాలయ్యా. కిందికెళ్ళే గీతకి గ్రాంటెవడిస్తాడు?"

"నీళ్ళు బురదైపోతున్నాయి సార్. ఎండ చాలడం లేదు."

"అయితే ఎండ పెంచు."

"నేనెలా పెంచుతాను సార్?"

"కంప్యూటర్లో పెంచవయ్యా. నిన్ను ఆకాశంలో పెంచమన్నానా?"

"ఉద్యోగంలోంచి తీసేస్తే తీసెయ్యండి సార్. అది మాత్రం చెయ్యను," అన్నాడు గోపాలకృష్ణ.

ఉమామహేశ్వరం గారు అనుభవజ్ఞులు. గీతని మార్చకుండానే, దాన్ని అచ్చువేయించిన ప్లాస్టిక్ షీటు తిరగేసి ప్రొజెక్టరు మీద పెట్టారు. దిగే గీత ఎక్కుతూ కనిపించింది. అంకెలన్నీ వెనక్కి తిరిగి ఉన్నాయన్న సంగతి మీటింగులో ఒక్కరికీ పట్టలేదు. చప్పట్లు కొట్టి గ్రాంటు ఇచ్చేశారు. ఆ కబురు విని కామేశ్వరి పగలబడి నవ్వింది. కానీ ఆ రోజు నుంచి ఆమె గోపాలకృష్ణని చూసే చూపు మారింది. బురద కాళ్ళతో వచ్చినా అతను ఏమీ అనడం మానేశాడు.

ఇంతలో ఊళ్ళో ఒక మాట పాకింది. గడ్డికి రాబోయే ఐదేళ్ళూ చెప్పే మిషను మనిషికి చెప్పదా అని. పొద్దున్నే వరండాలో జాతకాలు పట్టుకుని జనం. వాళ్ళందర్నీ కసిరి పంపించేసిన వీరభద్రరావు గారు, ఒక శుక్రవారం తనే రెండు జాతకాలు పట్టుకుని లోపలికొచ్చారు.

"ఏవయ్యా గోపాలకృష్ణా, ఇది మా అమ్మాయిది. ఇది పాండిచ్చేరి ట్రెజరీలో ఆఫీసరు, వెంకటేశ్వరరావని. కంప్యూటర్లో కొట్టి చూడు. సోమారం వాళ్ళకి మాటిచ్చెయ్యాలి."

"ఇది గడ్డి ప్రోగ్రామండి."

"గడ్డి అన్న చోట మా అమ్మాయి పేరు పెట్టు. చూడబ్బాయ్, జాతకాలు చూసేవాడైతే మన మొహం చూసి చెప్తాడు. దీనికి మొహమాటం లేదు. డైరెక్టరుగారంతటోడు బతిమాలినా గీత మార్చలేదంట కదా. అందుకే నమ్ముతున్నాను."

సాయంత్రం వరండాలో వాన చూస్తూ నిలబడ్డ కామేశ్వరికి గోపాలకృష్ణ విషయం చెప్పాడు.

"కలవలేదని కొట్టిచ్చెయ్యండి," అంది వెంటనే.

"అబద్ధం కదండి."

"ఆయ్, అబద్ధవేనండి."

"నమ్మి వచ్చారాయన. మిషను పేరు చెప్పి మోసం చేస్తే, ఇంక షీటు తిరగేసిన ఆయనకీ నాకూ తేడా ఏముంటుంది?"

కామేశ్వరి అతన్ని ఎగాదిగా చూసింది. "గడ్డి కోసం ఉద్యోగం వదులుకుంటానన్నారు. నాకోసం ఒక్క కాగితం ముక్క కొట్టలేరు. మీకు కంప్యూటరు చెప్పేది ఒక్కటే తెలుసు. మీకేం కావాలో మీ నోటితో చెప్పడం తెలీదు."

గొడుగు తెరవకుండానే వానలోకి దిగి వెళ్ళిపోయింది. గోపాలకృష్ణకి కోపం రాలేదు. ఆమె అన్నది నిజమని తెలిసి సిగ్గేసింది. సోమవారం మాట ఇచ్చేస్తే ఆమె పాండిచ్చేరి వెళ్ళిపోతుంది, తను ఈ గదిలో ఇలా నోరు మూసుకుని కూర్చుంటాడు. ఆ ఊహే భరించలేకపోయాడు.

శనివారం మధ్యాహ్నం వీరభద్రరావు గారు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఏవందయ్యా?"

"ఏమీ అనలేదండి. దీనికి గడ్డి తప్ప ఏమీ తెలీదు." గోపాలకృష్ణ జాతకాలు రెండూ ఆయన చేతికిచ్చేశాడు. "కానీ ఈ సంబంధం వద్దండి."

"ఎవరన్నారు?"

"నేనంటున్నాను. మీ అమ్మాయంటే నాకిష్టం. నేను చేసుకుంటాను."

వీరభద్రరావు గారు జాతకాలు ఒళ్ళో పెట్టుకుని అతన్ని తేరిపార చూశారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళంతా రూలు ఇలా ఉందనో, పైవాళ్ళు ఇలా అన్నారనో చెప్పినవాళ్ళే. నేనంటున్నానని చెప్పినవాణ్ణి ఆయన చూడ్డం ఇదే మొదలు. కోప్పడాలో మెచ్చుకోవాలో ఆయనకే తేలలేదు.

"అమ్మాయి ఏవంటది?"

"అడగలేదండి. ముందు మీకే చెప్తున్నాను."

"బాగానే ఉందయ్యా. అయినా పెళ్ళి మాట. నీ జాతకం కూడా తే, మా అమ్మాయి జాతకంతో కలిపి ఓసారి కొట్టి చూద్దాం."

"ఇది గడ్డి..."

"తెలుసులేవయ్యా. నా తృప్తికి."

అప్పుడే గుమ్మంలో అలికిడైంది. కామేశ్వరి ఎంతసేపట్నుంచి అక్కడ ఉందో తెలీదు. లోపలికి వచ్చింది. ఇద్దరి మధ్యనుంచీ నడిచి, గోడ దగ్గరికి వెళ్ళి, కంప్యూటరు స్విచ్చి టక్కున ఆర్పేసింది. తెర నల్లబడింది.

"కరెంటు పోయింది నాన్నా," అంది.

వీరభద్రరావు గారు తలెత్తి చూశారు. నెత్తి మీద ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. కిందికి చూస్తే కూతురి మొహం అంతకన్నా వెలిగిపోతోంది. ఆయన జాతకాలు మడిచి జేబులో పెట్టుకుని లేచారు.

"అవునమ్మా, పోయింది," అన్నారు. "ఈ చీకట్లో ఏం చేస్తాం గానీ, అబ్బాయిని ఇంటికి తీసుకురా. మీ అమ్మ చూడాలి."