నాలుగో మడి

పరుగు!

దాసన్న పరుగెత్తుతున్నాడు... నలభై తొమ్మిదేళ్ల ఒంటితో, కలుక్కుమనే కుడి మోకాలితో, తొట్టి గట్టు మీద అడుగు వెడల్పు రాతికట్టు పట్టుకుని పరుగెత్తుతున్నాడు.

ఎడమ పక్క తొట్టి. పన్నెండడుగుల లోతు. కర్నూలు పట్టణం పొద్దున్నించి కడిగి పారబోసిందంతా అందులోనే ఉంది.

కుడి పక్క చీకటి.

వెనక... శివన్న!

దీపాలు పెట్టి ఇంకా గంట కాలేదు. చంద్రుడు అప్పుడే పైకొస్తున్నాడు. రాజధాని వచ్చిందని సంబరపడిన ఊరు, ఆఫీసులకు ఇళ్లు చాలక గుడారాలు వేసింది. గుడారాలకొచ్చిన జనానికి మురుగు కాలవలు తవ్వింది. ఆ కాలవల చివర, హంద్రి ఒడ్డున, ఈ తొట్లు కట్టి దాసన్నను కాపలా పెట్టింది. అరిస్తే వినే దూరంలో నరమానవుడు లేడు. ఈ కంపులోకి పనిగట్టుకుని ఎవరొస్తారు?

శివన్న వచ్చాడు. చేతిలో రివాల్వరుతో వచ్చాడు.

ఆ రివాల్వరును చూడగానే దాసన్నకు పై ప్రాణాలు పైనే పోయాయి. తుపాకీ అయినందుకు కాదు...

అది తను దాచిన తుపాకీ!

మూడు రోజుల కింద తొట్టి అడుగు మడ్డిలోంచి తన చేతులతోనే తీశాడు. కిరసనాయిలుతో కడిగాడు. కొబ్బరినూనె పట్టించాడు. గుడ్డలో చుట్టి సామాన్ల కొట్లో, గడ్డపారల వెనక పెట్టాడు. ఆ కొట్లోనే తమ్ముడు తిమ్మయ్య దాక్కుని ఉన్నాడు.

తుపాకీ ఇప్పుడు శివన్న చేతిలో ఉంది.

మరి తిమ్మయ్య?

దేవుడా... చంపేశాడా?

ఊపిరి అందడం లేదు. అయినా పరుగు ఆపలేదు.

అసలు గొడవ మూడు వారాల నాటిది. కాలవ కాంట్రాక్టరు దావీదురాజును ఎవరో కాల్చి చంపారు. ఆ రోజు మధ్యాహ్నమే ఆయన తిమ్మయ్యను పదిమందిలో చెంప పగలగొట్టి ఉన్నాడు. అడ్డం పడబోయిన దాసన్న కూడా నోరు జారి, నీ అంతు చూస్తానన్నాడు. ఊరంతా విన్నది. పోలీసులు మాత్రం తిమ్మయ్య కోసమే వెతికారు. వాడు రాత్రికి రాత్రే అన్న కాళ్ల మీద వచ్చి పడ్డాడు. చంపింది తను కాదన్నాడు. కోయిలకుంట్ల శివన్న చంపాడనీ, బండల గనుల తగాదాలో చంపాడనీ, తుపాకీని కాలవలోకి విసిరేయడం కళ్లారా చూశాననీ ఏడ్చాడు.

దాసన్న ఆ మాట విని నవ్వాడు. ఎన్నాళ్లకో నవ్వాడు.

కాలవలో వేసింది హంద్రిలో కలిసి తుంగభద్ర పాలయిందని శివన్న అనుకుని ఉంటాడు. పాపం, పెద్దమనిషి! కాలవ నేరుగా నదికి పోదు. ముందు తొట్లోకొస్తుంది. తొట్లో నీళ్లు నిదానిస్తాయి. తేలికైంది తెట్టుగా పైకి తేలి, అడ్డపలక దగ్గర ఆగిపోతుంది. బరువైంది అడుక్కు దిగి మడ్డిలో కూర్చుంటుంది. మధ్యలో తేరిన నీళ్లు మాత్రమే హంద్రిలోకి పోతాయి. తాళంచెవులు, కాలి మెట్టెలు, ఇత్తడి చెంబులు... ఊరు పారేసుకున్నదంతా, పారేసిందంతా దాసన్న చేతికి రావాల్సిందే.

తుపాకీ కూడా వచ్చింది. నంబరుతో సహా!

హెడ్ కానిస్టేబుల్ గౌస్ పీర్ మంచివాడు. రేపు పొద్దున రమ్మని కబురు పెట్టాడు దాసన్న. తుపాకీ ఇస్తే లైసెన్సు ఎవరిదో తేలుతుంది. తమ్ముడి మెడ ఉరితాడు తప్పించుకుంటుంది. అంతవరకే దాసన్న ఆశ. ఆ తర్వాత రెండు రోజులు కంటినిండా నిద్రపోవాలనుకున్నాడు.

"నిలబడు దాసన్నా!"

వెనకనించి శివన్న గొంతు. దగ్గర్లోనే! ఇరవై అడుగులు కూడా లేవు.

"మాట్లాడల్ల నీతో. అంతే."

మాట్లాడే మనిషి తుపాకీ ఎందుకు పట్టుకొస్తాడు? సరే, తుపాకీ ఉంది కదా... ఎందుకు కాల్చడం లేదు? వెన్నెల ఉంది. వీపు ఎదురుగానే ఉంది. కాల్చడేం?

ఆలోచించే తీరిక లేదు. గట్టు అయిపోయింది. దాసన్న మెట్లు దిగాడు... దిగడం కాదు, దొర్లాడు!

ఎదురుగా మడ్డి మళ్లు. తొట్టి అడుగున చేరిన మడ్డిని ఎండబెట్టే మళ్లు, నాలుగు. వాటికి అవతల సామాన్ల కొట్టు. అందులో దీపం లేదు.

తిమ్మయ్య ఉంటే దీపం ఉండాలి.

చావో బతుకో, కొట్టు దాకా పోయి చూడాలి. అదొక్కటే ఉంది దాసన్న బుర్రలో. కోసిగిలో అమ్మ పోయిన కరువు ఏట, రెండేళ్ల తిమ్మయ్యను భుజాన వేసుకుని కూలికి వలస పోయినవాడు. వాడికి జొన్నన్నం పిసికి పెట్టి, తను గంజి తాగినవాడు. పెళ్లి చేసుకోమంటే, వీడికి వదిన పోరెందుకని ఊరుకున్నాడు.

మడికీ మడికీ నడుమ జానెడు ఇటుక గట్టు. దాసన్న దాని మీద నడక లాంటి పరుగు తీశాడు. మొదటి మడి దాటాడు. రెండోది. మూడోది. నాలుగో మడిని చుట్టి పోవాలి.

శివన్న చుట్టి రాలేదు. అడ్డంగా వస్తున్నాడు!

నాలుగో మడి వెన్నెల్లో నెర్రెలు విచ్చి కనబడుతోంది. నల్లగా, అరచేతి వెడల్పు నెర్రెలు. శివన్న రేగడి నేలల మనిషి. పుట్టినప్పటినించి చూసిన చేలు. నేల నెర్రెలిచ్చిందంటే బండలా ఎండిందనే లెక్క. కోయిలకుంట్లలో నెర్రెలిచ్చిన చేను మీద ఎద్దులబండి తోలతారు.

ఇది చేను కాదు! పాత రాళ్ల గుంత. పోయిన వానల్లో వరద మోసుకొచ్చిన మడ్డినంతా ఇందులోకే వదిలారు. ఎండకు పైన జానెడే ఎండింది. కింద నిలువున్నర లోతు అంబలి.

దాసన్న ఆగాడు. ఎందుకు ఆగాడో తనకే తెలీదు. ఇన్నాళ్ల కాపలా బుద్ధి కాబోలు.

"అడుగు పెట్టొద్దప్పా. అది నేల కాదు."

శివన్న నవ్వాడు. పెట్టాడు.

ఒకటి... రెండు... మూడు... నాలుగడుగులు మోసింది మడి.

అయిదో అడుగుకు... చప్పుడు కూడా రాలేదు!

మోకాలి దాకా. గుంజుకోబోయాడు. నడుము దాకా! చేతులు చాచి పైపెచ్చును పట్టుకోబోయాడు. పెచ్చు విరిగి చేతికొచ్చింది. కుడిచేతిలో రివాల్వరును మాత్రం పైకెత్తే ఉంచాడు.

గట్టు పక్కన పడి ఉన్న, తెట్టు తీసే వెదురు గెడను దాసన్న అందుకున్నాడు. అందుకుని, ఇటుక గట్టు మీద కూర్చున్నాడు.

"లాగు," అన్నాడు శివన్న. రివాల్వరు దాసన్న రొమ్ముకు గురిపెట్టాడు. "లాగుతావా, కాల్చల్లనా?"

"కాల్చుకో. కాల్చినాక నిన్నెవరు లాగుతారప్పా?"

శివన్న గింజుకునే కొద్దీ దిగుతున్నాడు. రొమ్ము దాకా వచ్చింది. వాసనకు దగ్గు. దగ్గుకు ఇంకో బెత్తెడు. వేలు బిగుసుకుంది...

ఢాం!

గుండు దాసన్న చెవి పక్కనించి పోయింది. ఎక్కడో కుక్కలు మొరిగాయి. శివన్న తన చేతిని తనే చూసుకున్నాడు. రివాల్వరును గట్టు మీదికి విసిరేసి, బావురుమన్నాడు. అంత మీసం ఉన్న మనిషి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

దాసన్న గెడ చాచాడు. కొస అతని వేళ్లకు జానెడు దూరంలో ఆపాడు.

"మా తమ్ముణ్ణి ఏం జేసినావు? ముందు అది చెప్పు."

శివన్న తలెత్తి చూశాడు. ఏడుపులోనే అదోలా చూశాడు. తనేం చెయ్యలేదన్నాడు. ఆ పిల్లోడు లక్షణంగా ఉన్నాడన్నాడు.

"ఉంటే తుపాకీ నీకెట్ల దొరికె? చంపి తీసుకున్యావు నువ్వు."

"తుపాకీ యాడుండాదో ఎంతమందికి తెలుసు, దాసన్నా?"

దాసన్న గెడను కొంచెం వెనక్కి లాక్కున్నాడు.

శివన్న గబగబా చెప్పేశాడు. మడ్డి చంకల దాకా వచ్చాక మనిషికి అబద్ధం ఆడే ఓపిక ఉండదు. నిన్న తిమ్మయ్యే కబురు పంపాడట. తుపాకీ దొరికిందనీ, కావాలంటే ఇస్తాననీ. గౌస్ పీర్ వచ్చి నంబరు చూస్తే శివన్నకు ఉరి అట. కాని నంబరుతో లైసెన్సు దొరికినా, మీరే కొట్టేశారని శివన్న ప్లీడరు తిప్పి చెబితే, కూలోడి మాట కోర్టు నమ్ముతుందా అని తిమ్మయ్యకు భయమట. కొట్లో మూడు వారాలు కూర్చుని బాగానే ఆలోచించాడు. ఇద్దరికీ కేసు పోయే దారి ఒకటుందన్నాడట. దావీదురాజు అంతు చూస్తానని నలుగురిలో అన్నది అన్న కూడా కదా. తుపాకీ కొట్టేసిందీ అన్నే, చంపిందీ అన్నే, భయపడి కాల్చుకున్నదీ అన్నే. కణతకు ఆనించి కాల్చి, తుపాకీ అన్న చేతిలో పెట్టి పోతే... అంతటితో కేసు మూసేస్తారు.

అందుకే దూరం నించి కాల్చలేదు!

"ఊరికే అంటాండావు," అన్నాడు దాసన్న. "వాడు నేను ముద్దలు కలిపి పెట్టినోడు."

శివన్న గెడ వైపు చేతులు చాచాడు.

ఇది కట్టుకథ. చచ్చేవాడు గడ్డిపోచ దొరికినా పట్టుకుంటాడు. తిమ్మయ్యను కట్టేసి ఉంటాడు, నోట్లో గుడ్డలు కుక్కి ఉంటాడు. అంతే అయి ఉంటుంది. అంతకు మించి నమ్మడానికి దాసన్నకు చేతకాలేదు. అతను కొట్టు వైపు చూశాడు.

కొట్లో దీపం వెలిగింది!

తలుపు తెరుచుకుంది. లాంతరు ఊగుతూ బయటికొచ్చింది. కట్లు లేవు, గుడ్డలు లేవు. తిమ్మయ్య తన కాళ్ల మీద తను నడిచి వస్తున్నాడు. వెలుగు వాడి మొహం మీదే పడుతోంది గానీ, ఇటు వైపు వాడికేమీ కనబడదు. నెమ్మదిగా, ఇటుక గట్టు తడుముకుంటూ వస్తున్నాడు. ఏడుస్తున్నట్టు కూడా ఉన్నాడు.

దాసన్న గుండె ఒక్కసారి ఉప్పొంగింది. బతికే ఉన్నాడు!

వాడు నాలుగో మడి అవతలి గట్టు దగ్గర ఆగాడు. చీకట్లోకి, మెల్లగా, పెద్దలతో మాట్లాడే మర్యాదతో అడిగాడు.

"అయిపోయిందా... శివన్నప్పా?"

మడ్డిలో శివన్న ఊపిరి బిగబట్టాడు.

దాసన్న గెడ కొసను అతని చేతుల్లోకి తోశాడు. మోకాలి మీద చెయ్యి ఆనించి, బరువుగా లేచి నిలబడ్డాడు. ఇరవై రెండేళ్లుగా మోసినదంతా ఒక్కసారే ఒంటి మీద పడినట్టుంది.

"అయిపోయిందిరా, తిమ్మయ్యా," అన్నాడు. "దీపం ఇట్ల పట్టు. ఈయప్పను బయటికి లాగల్ల."