బక్కెట్లో గుండ్రాయి

చందూలాల్ మీద ప్రమీలారాణికి ఒకటే ఫిర్యాదు. ఆ మనిషికి ఇల్లు వేరు, క్లాసు వేరు అని తెలియదు. పాల్వంచలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెబుతున్నాడు. ఉప్మాలో ఉప్పు తగ్గినా కారణాలు, జాగ్రత్తలు వరసగా నోట్సు చెప్పేస్తాడు. పెళ్లైన కొత్తలో ఆమె నిజంగానే రాసుకోబోయింది.

ఆ ఆదివారం ఉప్మా బాగానే కుదిరింది. కూతురు కళ్యాణే ప్లేటు ముట్టుకోలేదు. సెల్లులో స్నేహితురాలి ఎస్సెమ్మెస్ మళ్లీ చదువుకుంటోంది. కళ్యాణి హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తూ, మొదటి ఏడాది పిల్లలకు ఫిజిక్స్ క్లాసులు తీసుకుంటుంది. మేడం ప్రశ్నలు అడగడమే తప్ప జవాబులు చెప్పదని పిల్లలు పైవాళ్లకు ఫిర్యాదు చేశారట. రేపు ప్రొఫెసర్ వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడు. ఆయనకు నచ్చకపోతే క్లాసు పోతుంది. దాంతోపాటు హాస్టల్ గడిచే జీతమూ పోతుంది.

"బోర్డు నిండ రాయి, రాసుకోమను. గంతే," అన్నాడు సంగతి విన్న చందూలాల్.

"రాసుకుంటరు బాపూ. అర్థం చేసుకోరు."

"నా దగ్గర చదివినోళ్లకు అర్థం కాలేదా? గట్ల అడుక్కుంట నిలబడితే మేడంకే ఏం రాదనుకుంటరు!"

కళ్యాణికి కళ్లు నిండాయి. లేచి బక్కెట్లో నీళ్లు పట్టింది. అల్లం దంచే గుండ్రాయిని స్టీలు గిన్నెలో పెట్టి తేలించింది. నీళ్లు ఎంతవరకు ఉన్నాయో బక్కెట్ లోపల అక్కడ తల్లి బొట్టుబిళ్ల అంటించింది.

"రాయిని తీసి నీళ్లల్ల వేస్తే, నీళ్లు పైకొస్తయా, కిందికి పోతయా?"

"పైకొస్తయి. రాయి మునుగుతది గద! ఇదేం ప్రశ్న?"

"నన్నడగకుండ్రి. నేను మీ నోట్సు రాసుకోలే," అంది ప్రమీలారాణి.

కళ్యాణి రాయిని మెల్లగా నీళ్లలోకి వదిలింది. ఖాళీ గిన్నె తేలింది. నీళ్లు బొట్టుబిళ్ల కిందికి దిగాయి.

చందూలాల్ మళ్లీ చేయమన్నాడు. మళ్లీ దిగాయి. తండ్రి మొహం చూడలేక కళ్యాణి, "అదేందంటే బాపూ..." అని మొదలుపెట్టింది.

"చెప్పకు," ఆపింది ప్రమీలారాణి. "నీ పిల్లలైతే ఆగుతవు గద. మీ బాపును గూడ ఆలోచించనీ."

ఉప్మా చల్లారిపోయింది. చందూలాల్ పెదవులు కదిలాయి.

"గిన్నెల ఉన్నప్పుడు రాయి తన బరువంత నీళ్లను జరుపుతది. మునిగినంక తన సైజంతనే, అంటే తక్కువ నీళ్లను..." ఆగాడు. "ఇన్నేండ్లు గీ సూత్రం రాయించిన. ఒక్కనాడు గూడ ఒక్క పిల్లగాన్ని అడగలే."

కూతురి తల మీద చెయ్యి వేశాడు. "రేపు గిట్లనే అడుగు బిడ్డా. ఎవరు కూసున్నా సరే."

తర్వాత భార్య వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"ప్రమీలా, రాసుకో. నాదే తప్పు."