రానివాటి గంట

గ్లెనిస్ ట్రెలోర్ ముప్పై ఎనిమిదేళ్ళు చిన్న తరగతుల పిల్లలకు చదవడం నేర్పిన మనిషి. రిటైరై పదకొండేళ్ళయినా, పొద్దున్న ఎనిమిదిన్నర అయ్యేసరికి ఆమె వీపు దానంతటదే నిటారుగా అయిపోతుంది. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు ఒంటరిగా ఉండకూడదని డాక్టర్ గట్టిగా చెప్పడంతో, టాస్మేనియా ఉత్తర తీరంలో ఉన్న కూతురింటికి వచ్చింది. అల్లుడు రస్‌కి పడమటి గనుల్లో ఉద్యోగం, రెండు వారాలు అక్కడ, ఒక వారం ఇంట్లో. కూతురు బ్రోన్విన్ తన తొమ్మిదేళ్ళ పిల్ల హెటీని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తోంది. గ్లెనిస్‌ను మోకాలికన్నా ఎక్కువ బాధపెట్టే సంగతి అదే.

ఆ ఇంట్లో చదువన్నది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆమెకు ఎంత చూసినా అంతుపట్టలేదు. ఒకరోజు హెటీ పొద్దున్నంతా కోళ్ళ గూడు కొలిచి, ఎన్ని కోళ్ళు పడతాయో లెక్క కట్టింది. ఇంకోరోజు తల్లితో కలిసి రొట్టె పిండి కలిపి, అది ఎందుకు పొంగుతుందని సాయంత్రం దాకా వాదించింది. మరోరోజు రాళ్ళ మధ్య నిలిచిన సముద్రపు నీళ్ళలో దిగి పీతలు లెక్కపెట్టింది. టైంటేబుల్ లేదు, గంట కొట్టడం లేదు. బడి ఎన్నింటికి మొదలవుతుందే అని గ్లెనిస్ అడిగితే కూతురు నవ్వి ఊరుకుంది. ఆ నవ్వుకి ఈమెకు ఒళ్ళు మండింది.

ఊరటల్లా ఒక్కటే. పొద్దున్నే టీ తాగుతూ మనవరాలి చేత కథ చదివించుకోవడం. హెటీ పక్కన ఒదిగి కూర్చుని, ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క గొంతు పెట్టి గలగలా చదివేది. పేజీలు తిప్పడం అమ్మమ్మ వంతు. పిల్లకి ఆ తెలివంతా తన రక్తంలోంచే వచ్చిందని గ్లెనిస్ లోపల్లోపల మురిసిపోయేది.

ఆ బుధవారం జామ్ అంటుకుని రెండు పేజీలు కలిసిపోయాయి. గ్లెనిస్ చూసుకోకుండా రెండూ ఒకేసారి తిప్పేసింది. కొత్త పేజీలో పడవ తుఫానులో చిక్కుకుని ఉంది. హెటీ మాత్రం, ఎక్కడా తడబడకుండా, గడ్డి మీద దుప్పటి పరుచుకుని కేకు కోసుకు తింటున్నవాళ్ళ మాటలు చదువుతోంది. అవి అంటుకుపోయిన పేజీలోని మాటలు, పిల్ల కంఠతా పట్టినవి.

గ్లెనిస్ టీ కప్పు కింద పెట్టింది. బల్ల మీది ఓట్స్ పెట్టె తీసి పిల్ల ముందు నిలబెట్టి, దీని వెనక ఏం రాసుందో చదవమంది. హెటీ చాలాసేపు దానివంక చూసింది. మెడ దగ్గర్నుంచి చెవుల దాకా ఎర్రబడిపోయి, కోళ్ళకి గింజలు వెయ్యాలంటూ లేచి బయటికి వెళ్ళిపోయింది.

"నీ కూతురికి చదవడం రాదు," అంది గ్లెనిస్, బ్రోన్విన్ వంటింట్లోకి రాగానే.

బ్రోన్విన్ ఉలిక్కిపడలేదు. అదే ఈమెకు మరీ కోపం తెప్పించింది.

"తెలుసమ్మా. దానికి అక్షరాలు త్వరగా పట్టుబడవు. నిపుణురాలికి చూపించాం. ఆవిడ చెప్పిన పద్ధతిలోనే నేర్పుతున్నాం. మెల్లిగా వస్తోంది."

"నేర్పుతున్నాం అంటే? నువ్వూ ఆ కోళ్ళూనా?"

"మేం ఆరు కుటుంబాల వాళ్ళం. ప్రతి గురువారం కలుస్తాం అని చెప్తూనే ఉన్నానుగా, నువ్వు చెవిన వేసుకోవు."

"దానికి తొమ్మిదేళ్ళు, బ్రోన్. నా తరగతిలో ఆరేళ్ళ పిల్లలు చదివేవాళ్ళు. చదవడం రాకుండా నా గది దాటినవాళ్ళు ఒక్కరు లేరు, తెలుసా నీకు?"

బ్రోన్విన్ సింకు వైపు తిరిగి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. ఇద్దరికీ తెలిసిన సంగతి ఒకటి వాళ్ళ మధ్య నిలబడి ఉంది. కిందటిసారి రస్ ఇంటికి వచ్చినప్పుడు ఈ గొడవ తెగక, చివరికి అతను ఒక మాట అన్నాడు. అత్తయ్య ఆరు వారాలు పూర్తయ్యేదాకా ఎలాగూ ఇక్కడే ఉంటారు, చదువు సంగతి ఆవిడకన్నా తెలిసినవాళ్ళు లేరు, చూసి ఆవిడ బడే మేలంటే హెటీ బడికి వెళ్తుంది, అని. ఆ గడువు శుక్రవారంతో అయిపోతుంది. రస్ వస్తాడు, అడుగుతాడు. గ్లెనిస్ అవునంటే ఆ గురువారాలన్నీ ముగిసినట్టే.

"శుక్రవారం ఏం చెప్పాలో నాకు తెలుసు," అంది గ్లెనిస్.

"చెప్పు. నేను అడ్డురాను." బ్రోన్విన్ వెనక్కి తిరగలేదు. "రేపు ఒక్కరోజు మాతో రా. చూసి చెప్పు. చూడకుండా మాత్రం చెప్పకు."

గ్లెనిస్ వెళ్ళింది, తప్పులు పట్టడానికే. ఊరి ఫుట్‌బాల్ క్లబ్ వాళ్ళ హాల్లో కలుస్తారు వాళ్ళు. గురువారాలు ఖాళీగా ఉంటుందని వీళ్ళకి ఇచ్చారు. ఒక మూల బల్ల మీద ఇంటికొక రకం చొప్పున తెచ్చిన తిండి పరిచి ఉంది. చీజ్ కలిపి కాల్చిన స్కోన్లు, ఉప్పటి వెజిమైట్ పూసిన శాండ్‌విచ్‌లు, కొబ్బరి అద్దిన లామింగ్టన్ కేకులు. నాలుగేళ్ళ వాళ్ళ నుంచి పదిహేనేళ్ళ వాళ్ళ దాకా అందరూ ఒకే గదిలో ఉన్నారు. వరసలు లేవు. ఆమె మనసులోనే ఒక తప్పు రాసుకుంది.

మధ్య బల్ల దగ్గర నర్సుగా పనిచేసే ఒక తల్లి గొర్రె గుండె కోసి చూపిస్తోంది. ఒక పొడుగాటి కుర్రవాడు నాలుగేళ్ళ పిల్లను చంకనెత్తుకుని, గుండె గదిలో జగ్గుతో నీళ్ళు పోసి, కవాటాలు తలుపుల్లా తమంతట తామే ఎలా మూసుకుంటాయో ఆ పిల్లకి చూపించాడు. నీళ్ళు వెనక్కి రాలేదు. ఆ పిల్ల తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, ఇక్కడ కూడా తలుపులున్నాయా అని అడిగింది. అందరి చేతులూ ఎవరి ఛాతీ మీదికి వాళ్ళవి వెళ్ళాయి. గ్లెనిస్ చెయ్యి కూడా వెళ్ళింది. వెళ్ళినట్టు ఆమెకు తర్వాత తెలిసింది.

భోజనాలయ్యాక కుర్చీలన్నీ గుండ్రంగా వేశారు. ఇది రానివాటి గంట అని బ్రోన్విన్ చెవిలో చెప్పింది. చిన్నా పెద్దా ఎవరైనా సరే, తమకి ఇంకా సరిగా రానిది ఒకటి అందరి ముందూ చెయ్యాలి. నవ్వకూడదు. మధ్యలో ఆగిపోయి రావడం లేదంటే పక్కవాళ్ళు వచ్చి చెయ్యి కలపాలి. అంతే నియమం. వచ్చింది చూపించుకోవడమే బడి అనుకుంటూ బతికిన గ్లెనిస్‌కి ఇదేమి చోద్యమో అర్థం కాలేదు.

నర్సు భిన్నాల లెక్క ఒకటి బోర్డు మీద చేసి తప్పింది. ఏడేళ్ళవాడు వెళ్ళి సరిచేశాడు. ఒక పిల్ల ఈల వెయ్యబోయి గాలి మాత్రమే ఊదింది. తర్వాత బ్రోన్విన్ లేచి వయొలిన్ అందుకుంది. కూతురు వయొలిన్ నేర్చుకుంటోందని తల్లికి తెలియదు. పాట ఘోరంగా ఉంది. నలభై ఏళ్ళ మనిషి అంత ఘోరంగా, అంత నిబ్బరంగా నిలబడి వాయించడం గ్లెనిస్ ఎన్నడూ చూడలేదు.

ఆ తర్వాత హెటీ లేచింది. పిల్లతోపాటు గుబురు గడ్డంతో, రబ్బరు బూట్లు వేసుకున్న భారీ మనిషి ఒకడు లేచాడు. సముద్రంలో రొయ్యల బుట్టలు వేసే పడవవాడిలా ఉన్నాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఇంగ్రిడ్ అనే పన్నెండేళ్ళ పిల్ల వాళ్ళ చేతికి ఒక కాగితం ఇచ్చింది. వాళ్ళిద్దరి కోసం ఆ పిల్ల ప్రతివారం కొత్త పేజీ రాసుకొస్తుందట. ముందు చూడనివ్వదట.

ఆ మనిషి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. తీరంలో బొరియలు తవ్వి గుడ్లు పెట్టే మటన్‌బర్డ్ పక్షుల గురించి. ఒక్కొక్క మాటా బుట్టను నీళ్ళలోంచి పైకి లాగినట్టు లాగుతున్నాడు. తల్లిపక్షులు ముందే వెళ్ళిపోతాయని, పిల్లపక్షి బొరియలో ఒంటరిగా మిగిలిపోతుందని చదివాడు. అక్కడ ఒక పెద్ద మాట దగ్గర ఆగిపోయాడు. హెటీ వంగి చూసింది.

"ఇది నాకూ రాదు," అంది హెటీ, మామూలుగా.

ఇద్దరూ ఆ మాటను ముక్కలు చేసి, ముక్కముక్కా పలికి, మళ్ళీ అతికించారు. ఇరవైమంది ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఎవరూ అందించలేదు. మాట వచ్చింది. తర్వాతి వాక్యాలు హెటీ చదివింది. గొంతులు మార్చకుండా, నెమ్మదిగా, రెండుసార్లు తప్పి, తనే దిద్దుకుని. ఒకరోజు ఆ పిల్లపక్షి లేచి, దారి ఎవరూ చూపించకుండానే, భూగోళం రెండో కొస దాకా ఎగిరిపోతుందని ఉంది అందులో.

"మనం ఆ పక్షులం కాదులే హెటీ," అన్నాడు ఆ మనిషి, కాగితం మడుస్తూ. "మనకి ఎవరో ఒకరు చూపించాలి." అప్పుడు అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు.

టీ కోసం లేచారు. అతను రెండు కప్పులు పట్టుకుని గ్లెనిస్ దగ్గరికి వచ్చి ఒకటి ఇచ్చాడు.

"నేను డారిల్‌ని, మిసెస్ ట్రెలోర్. గుర్తుపట్టలేదా?"

గడ్డం వెనక నుంచి ఆరేళ్ళ ముఖం మెల్లిగా బయటికి వచ్చింది. ఎర్రజుట్టు. తరగతిలో అందరికన్నా బుద్ధిమంతుడు. "హాజరు పుస్తకం ఆఫీసుకి తీసుకెళ్ళేవాడివి," అంది ఆమె సంతోషంగా.

"అవునండీ. పైకి చదివే వంతు నా దాకా వచ్చేసరికి మీరు నన్ను పంపించేసేవారు. ఎంత మంచివారో అనుకునేవాణ్ణి. ఆ నడవాలో ఎంత మెల్లిగా నడిచేవాణ్ణో." అతని మాటలో నిష్ఠూరం వెతికినా లేదు. "తర్వాత టీచర్లూ అలాగే ఏదో ఒక పని చెప్పేవాళ్ళు. మా అబ్బాయి కథ చదివి పెట్టమంటే కళ్ళజోడు పడవలో మర్చిపోయానని చెప్పేవాణ్ణి. రెండేళ్ళ కిందట ఇక్కడికొచ్చాం. వాడికోసమనే వచ్చాను. ఇక్కడ చదువుకి తోడుగా హెటీ దొరికింది."

గ్లెనిస్ ఆ పిల్లవాణ్ణి నలుగురిలో చిన్నబుచ్చకూడదని పంపింది. ఆ దయను తన ఉద్యోగంలోని గొప్పలన్నిటిలోకీ గొప్పగా లెక్కేసుకుంది. పంపినవాడు తిరిగి వచ్చేసరికి వాడి వంతు దాటిపోయేది. రోజూ దాటిపోయేది. చదవడం రాకుండా తన గది దాటినవాళ్ళు లేరని నిన్ననే కూతురితో అన్నది.

హెటీ వచ్చి పక్కన కూర్చుంది. గ్లెనిస్ పిల్ల చెయ్యి పట్టుకుని, నా దగ్గర ఎందుకే చూడకుండా ఒప్పజెప్పావు అని అడిగింది.

"నువ్వు టీచర్‌వి కదా అమ్మమ్మా. నీకు చదవడం వచ్చినవాళ్ళంటే ఇష్టం," అంది హెటీ.

మళ్ళీ గుండ్రంగా కూర్చున్నారు. మిగిలిన ఇద్దరి వంతులూ అయ్యాయి. చుట్టాలుగా వచ్చినవాళ్ళు చెయ్యనక్కర్లేదని ఎవరో మర్యాదకి అన్నారు. గ్లెనిస్ చేతికర్ర ఊతం చేసుకుని లేచింది.

"ముప్పై ఎనిమిదేళ్ళు పిల్లలకి చదవడం నేర్పాను," అంది. "వచ్చేవాళ్ళకి నేర్పాను. రాని పిల్లవాడి పక్కన కూర్చోవడం నాకు రాదు."

ఎవరూ ఓదార్చలేదు. డారిల్ తన కుర్చీ జరిపి, తనకూ హెటీకీ మధ్య ఇంకో కుర్చీ వేశాడు. ఇంగ్రిడ్ వచ్చేవారానికి రాసుకున్న పేజీ తెచ్చి వాళ్ళ ఒళ్ళో పెట్టింది. గ్లెనిస్ కూర్చుంది.

హెటీ రెండో వాక్యంలోనే ఆగింది. మాట గ్లెనిస్ నాలుక చివర దాకా వచ్చేసింది. అందించడమే ఆమె అలవాటు, అందించి ముందుకు పోవడం. పెదవులు బిగబట్టుకుంది. డారిల్ కూడా ఎదురుచూస్తున్నాడు. హెటీ ఒకటి అంది, కాదంది, ఇంకొకటి అంది. గోడ మీది గడియారం చప్పుడు వినిపిస్తోంది. తన క్లాసులో ఎవరి కోసమూ ఇంతసేపు ఆగలేదని గ్లెనిస్‌కి తెలిసింది. కాగితం మీద ఒక కన్నీటి చుక్క పడింది, ఇంకొకటి పడింది. హెటీ ఆ తడి పక్కకి వేలు జరుపుకుని, మాట పలికింది. సరిగ్గా పలికింది. ఆరేళ్ళవాళ్ళు వందలమంది పలకగా విన్న మాటే, ఆమె మొదటిసారి విన్నట్టు వింది.

మర్నాడు సాయంత్రం రస్ ఇంటికి వచ్చాడు. బూట్లు విప్పుకుని, గుమ్మం దగ్గరే నిలబడి, ఏమంటారు అత్తయ్యా అని అడిగాడు. బ్రోన్విన్ బంగాళాదుంపలు చెక్కు తీయడం ఆపేసింది.

"నిన్న డారిల్‌ని చూశాను, రస్. నా దగ్గరే చదివాడు. వాణ్ణి హాజరు పుస్తకం ఇచ్చి నడవాలోకి పంపేదాన్ని." గ్లెనిస్ ఆగి, చెంపలు తుడుచుకుంది. "అలా ఎంతమందిని పంపానో రాత్రంతా గుర్తు తెచ్చుకున్నాను. అందరూ గుర్తు రాలేదు. హెటీని ఆ హాల్లోనే ఉండనియ్యి నాయనా. అక్కడ దాన్ని ఎవరూ బయటికి పంపరు."

రస్ భార్య వంక చూసి, సరే అన్నట్టు తలూపాడు. బ్రోన్విన్ కత్తి పక్కన పెట్టి, తడిచేతులతోనే వచ్చి తల్లిని కావలించుకుంది.