ధ్రువ చూసిన గంటలు

సూర్యాపేట హైవే పక్క హోటల్లో ఏజెంట్ జీవన్ టీ ముట్టకముందే చీఫ్ నాగరాజు అసైన్‌మెంట్ చెప్పేశాడు.

"మన స్పేస్ టెలిస్కోప్ 'ధ్రువ' ఆకాశంలో ఏ మూలను ఎంతసేపు చూసిందో లెక్కకట్టిన మ్యాప్ ఈ సాయంత్రం ఆరింటికి లాక్ అవుతుంది. సమయం తక్కువున్న మూలలనే అది మళ్లీ చూస్తుంది. విదేశీ ముఠా ఒకటి అందులో ఒక మూలకు దొంగ గంటలు కలిపింది. ధ్రువ ఇక చూడని ఆ మూలలో వాళ్ల స్పై శాటిలైట్ దాక్కుంటుంది. ఏ మూలో తెలీదు."

"లెక్కకట్టే మౌనికను సస్పెండ్ చేశాం కదా సార్?"

"నీ రిపోర్ట్ మీదే చేశాం. గంటలు కలిసింది ఆమె పోయాకే."

జీవన్ టీ వదిలేసి మౌనిక ఇంటికి బయల్దేరాడు.

అంతకుముందు నెల్లాళ్లు అతను మిర్యాలగూడలో వడ్ల వ్యాపారి వేషంలో మౌనిక ఇంటికి ఎదురుగా కిరాయికున్నాడు. వడ్ల తేమ చూసే మిషన్‌లో కెమెరా, సిగ్నల్ ఆపే జామర్ రెండూ పెట్టుకున్నాడు. టెలిస్కోప్ ఒక మూలకు తిరిగి ఉన్న గంటలకూ, ఆమె వేసిన గంటలకూ పొంతన కుదరలేదు. గంటలు దాస్తోందని రాసేశాడు. "కరెక్ట్ జీవన్" అని ఎగదోసింది భాగ్యశ్రీ. ముఠాలో ఉంటూ మనకు కబుర్లు మోసే అందాల డబుల్ ఏజెంట్ ఆమె. ఇప్పుడు మౌనిక సీట్లో ఉన్నదీ ఆమే.

మౌనిక గడప దగ్గరే ఆపేసింది. "మల్లెందుకొచ్చినవ్? అందరు నన్ను దేశద్రోహి అంటుండ్రు. మా నాయిన తండాల తలెత్తుతలేడు."

"తప్పు నాదే మౌనికా. ఆ గంటలెందుకు తగ్గించినవో చెప్పు."

"టెలిస్కోప్ గా దిక్కుకే తిరిగి ఉంటది. నడుమ భూమి అడ్డమొస్తది, ఏం కనవడది. గదంతా తీసెయ్యాలె. వడ్లు పొద్దంతా రోడ్డు మీద పోసుంటయ్. మబ్బు పట్టినంతసేపు ఎండినట్టా?"

పాలకీడులో వడ్లు ఆరబోసుకునే ఇంట్లో పుట్టినవాడు జీవన్. ఆ మాత్రం తట్టనందుకు సిగ్గుతో చచ్చిపోయాడు. ఫోన్‌లో కొత్త మ్యాప్ తెరిచి ఆమె చేతికిచ్చాడు.

"గీ మూలకు భూమి అడ్డమొచ్చిన గంటలు తీసెయ్యలే. ఎవలు చేసిండ్రిది?"

"భాగ్యశ్రీ."

ఆమె ఫోన్ సిగ్నల్ కోదాడలో దొరికింది. జీవన్, మౌనిక అక్కడికి చేరేసరికి ధాబాలో నల్ల కళ్లద్దాలు, ముందు లాప్‌టాప్.

"లేటైంది జీవన్ గారూ, అప్‌లోడ్ అయిపోతోంది. మీ రిపోర్ట్ లేకపోతే నాకీ సీటు దక్కేది కాదండీ. థాంక్స్!"

చెంపదెబ్బ కన్నా ఆ థాంక్స్ ఎక్కువ మండింది. జీవన్ తేమ మిషన్ బల్ల మీద పెట్టి మీట నొక్కాడు. అప్‌లోడ్ తొంభై తొమ్మిది శాతం దగ్గర ఆగింది. వెంట వచ్చిన మఫ్టీ పోలీసులు భాగ్యశ్రీని చుట్టుముట్టారు. మౌనిక లాప్‌టాప్ లాక్కుని దొంగ గంటలన్నీ తీసేసింది. జీవన్ జామర్ ఆపాడు. గడువుకు ఒక్క సెకను ముందు అసలు మ్యాప్ వెళ్లింది.

"శభాష్! మెడల్ ఖాయం" అన్నాడు చీఫ్ ఫోన్‌లో.

"ముందు తండాకు పోవాలి సార్. నా రిపోర్ట్ తప్పని మౌనిక వాళ్ల నాయనకు నేనే చెప్పాలి."

ఫోన్ పెట్టేశాక మౌనిక అడిగింది. "నెల దినాలు మా ఇంటికెదురుంగ కూసున్నవ్ గదా. అందుల నన్ను నిజంగ సూసింది ఎంతసేపు?"

ఏజెంట్ జీవన్ అనుమానం అడ్డమొచ్చిన గంటలన్నీ తీసేసి నిజాయితీగా లెక్క కట్టాడు. ఒక్క నిమిషం కూడా మిగల్లేదు.