దీవెన ముగిసేదాకా

కారు అద్దాల మీద నురుగు పూర్తిగా పరుచుకునే దాకా కర్నల్ ఇసాబెక్ నోరు విప్పలేదు.

బిష్కెక్ నగరం చివర, కార్లు కడిగే షెడ్డు. ఒక్కో కారుకి ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాలూ లోపల ఎవరున్నారో బయటివాళ్ళకి కనబడదు, బయట ఏముందో లోపలివాళ్ళకి కనబడదు. ఆ తెల్లటి గుడ్డితనం మెదెర్‌కి కొత్త కాదు. ఆరేళ్ళుగా, కర్నల్ రహస్య మనిషిగా, అతను బతుకుతున్నది దాదాపు అందులోనే.

“రేపు నువ్వు సరస్సుకి వెళ్తున్నావు,” అన్నాడు కర్నల్. “ఇంటర్నెట్ వార్తల బిల్లు. వర్కింగ్ గ్రూపు ఆఖరి సమావేశం.”

“నేను అందులో సభ్యుణ్ణే కదా సార్.”

“ఇన్నాళ్ళూ సభ్యుడివి. రేపు ఏజెంటువి. బిల్లుకి నాలుగో అనుబంధం ఉంది. వార్తల సైట్లన్నీ ఒక తనిఖీ పెట్టె గుండా పోవాలని. ఆ పెట్టెని పరీక్ష కోసమని ఇప్పటికే బిగించేశారు. మీ గ్రూపు ఒప్పుకోలు చేరిన నిమిషంలో ఆన్ చేస్తారు. రేపు మధ్యాహ్నం మూడింటికి పార్లమెంటు రిజిస్టర్ మూసేస్తారు. ఈలోగా చేరకపోతే బిల్లు సెప్టెంబరుకి వాయిదా.”

“పెట్టెలో తేడా ఏమిటి?”

“దానికి రెండు తీగలున్నాయి. ఒకటి మనవాళ్ళకి. రెండోది సరిహద్దు దాటి ‘అద్దం’ ముఠాకి.”

సరిహద్దు మీద దొంగసరుకు నడిపే ఆ ముఠా ఎలాంటిదో మెదెర్‌కి చెప్పనక్కర్లేదు.

“బెగాయిమ్ నడిపే సైటు తెలుసుగా? పేరు చెప్పకుండా ఎవరైనా ఉత్తరం రాయొచ్చు అందులో. ఈ ముఠా గురించి ఇప్పటిదాకా పదకొండు మంది రాశారు. కస్టమ్స్ గుమాస్తా ఉన్నాడట, ఓ నర్సు ఉందట, ఎవరో. పెట్టె ఆన్ అయిందంటే పాత ఉత్తరాలతో సహా లాగేస్తుంది, గంటలో ఆ పదకొండు పేర్లూ వాళ్ళ చేతికొస్తాయి. పోయినేడాది అలా దొరికిపోయిన ఇంజనీరుని మనం కాలువలోంచి తీశాం.”

పదకొండో ఉత్తరం రాసింది మెదెరే. కర్నల్‌కి ఆ సంగతి తెలియదు.

అది ఎవరి ఆజ్ఞా కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఒంటరిగా టీ తాగుతూ, ఇన్నేళ్ళ తర్వాత తన సొంత మాట ఎలా ఉంటుందో చూడాలనిపించి రాశాడు. ఇరవై వాక్యాలు. పంపించాక వారం రోజులు సరిగ్గా నిద్రపోయాడు. ఆ తర్వాత మళ్ళీ నిద్ర పట్టలేదు.

కర్నల్ ఒక పెన్ను ఇచ్చాడు. “క్యాప్ రెండుసార్లు తిప్పితే ఫొటో. పెట్టె నక్షా ఫెలిక్స్ మోర్ ఫైల్లో ఉంటుంది. పెట్టె అమ్మిన విదేశీ కంపెనీ కన్సల్టెంటు. అక్కడ మన మనిషి ఒకరున్నారు, పెన్ను వాళ్ళకివ్వు. ఫొటో నాకు చేరితే మూడులోగా ఆపు ఉత్తర్వు తెప్పిస్తాను. రుజువు లేకుండా నా మాట ఎవరూ వినరు.”

“కోడ్?”

“‘ఈ సరస్సు గడ్డకట్టడం ఎప్పుడైనా చూశారా?’ అని నువ్వడుగు. ‘చూడలేదు, కానీ మా అమ్మమ్మ చూశానంటుంది’ అని జవాబొస్తుంది.”

నీళ్ళు పడి నురుగు జారిపోయింది. వీధి కనిపించింది. ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

*

సీజను కాని ఏప్రిల్ నెల. ఇసిక్-కుల్ సరస్సు ఒడ్డున శానిటోరియం, సెలవులకి వచ్చేవాళ్ళ విడిది, ఖాళీగా ఉంది. గేటు దగ్గర అందరి ఫోన్లూ చెక్కపెట్టెలో వేయించుకున్నారు. డ్రైవర్లమని చెప్పుకునే ఇద్దరు మనుషులు గేటుకి తాళం వేశారు. వాళ్ళ కోట్లు ఎడమవైపు కాస్త బరువుగా వేలాడుతున్నాయి.

పదిగంటలకి చర్చ. మెదెర్ లేచి, కర్నల్ ఆజ్ఞ మీద ఆరేళ్ళుగా చెబుతున్నదే చెప్పాడు.

“పేరు లేని మాటకి బాధ్యత ఉండదు. రాసేవాడు ఎవరో, ఎవరి కొడుకో తెలియాలి. అప్పుడే అది వార్త. లేకపోతే గోడ మీద బొగ్గు గీత.”

అతని మాట బాగుంటుంది. అదే అతని బాధ. సగం మంది తలలూపారు. తన గొంతు తనకే నిజంగా వినిపించింది. పదకొండో ఉత్తరం రాసినవాడు వెనక బెంచీలో కూర్చుని వింటున్నట్టు అనిపించింది.

బెగాయిమ్ లేచింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. గాలికి చెదిరిన జుట్టుని చెవి వెనక్కి తోసుకుంటూ, “మెదెర్ అన్నా, బజార్లో ఉల్లిపాయలమ్మే ఆవిడ ఆసుపత్రిలో మందులు అమ్ముకుంటున్నారని రాసింది. ఆవిడ పాస్‌పోర్టు నంబరు మీకివ్వాలా? ఇచ్చాక ఆవిడ బిడ్డకి ఆ ఆసుపత్రిలో సూది మీరొచ్చి వేస్తారా?” అంది.

నవ్వులు.

“చట్టం ఆవిణ్ణి కాపాడుతుంది.”

“ముందు చట్టాన్నెవరు కాపాడతారో చెప్పండి. పంజరాలు అల్లే పనిలో మీ చెయ్యి బాగా తిరిగింది అన్నా. ఎప్పుడో పొరపాటున లోపలుండి తలుపేసుకుంటారు.”

అతను మర్యాదగా నవ్వాడు. ఆ గదిలో అతను కాపాడాలనుకున్నది ఆవిడనీ, ఆవిడ్ని నమ్మి రాసినవాళ్ళనీ. అతన్ని అందరికంటే ఎక్కువ అసహ్యించుకునేదీ ఆవిడే.

విరామంలో ఫెలిక్స్ మోర్ కాఫీకి లేచాడు. ఫైలు తెరిచే ఉంది. మెదెర్ పక్కన నిలబడి ఏదో రాసుకుంటున్నట్టు వంగాడు. క్యాప్ రెండుసార్లు తిప్పాడు. నక్షా మీద రెండు తీగలు. రెండోదానికి పేరు లేదు.

వరండాలో సల్తనత్ నిలబడి ఉంది. అంతర్జాతీయ సలహాదారు, నాలుగు భాషలు, ఒంటె రంగు పొడుగు కోటు. ఆవిడ నడిచి వస్తుంటే సమావేశంలో మగవాళ్ళు వాక్యాలు మధ్యలో మరిచిపోతారు. మెదెర్ సరస్సు వైపు చూస్తూ అడిగాడు.

“ఈ సరస్సు గడ్డకట్టడం ఎప్పుడైనా చూశారా?”

“చూడలేదు,” అంది ఆవిడ. “కానీ మా అమ్మమ్మ చూశానంటుంది.”

పెన్ను చేతులు మారింది. అతను గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. చాలా రోజుల తర్వాత.

*

ఫెలిక్స్ తయారుచేసిన కార్యక్రమపత్రంలో ‘భోజనం: ఒంటిగంట నుంచి రెండు’ అని ఉంది. గొర్రెని కోసి వండి పెట్టే భోజనానికి గంట కేటాయించడం బయటివాడే చేయగల పని. వంటావిడని తొందరపెడితే, “ఉడకని మాంసం పెద్దాయన ముందు పెట్టమంటావా?” అని తలుపేసుకుంది. వంటకం బల్ల మీదికి వచ్చేసరికి రెండుంబావు.

పెద్దాయనంటే గ్రూపు గౌరవాధ్యక్షుడు కెరిమ్‌బాయ్. ఎనభై రెండేళ్ళు. ఒకప్పుడు రేడియోలో వార్తలు చదివిన మనిషి. గొర్రె తల ఆయన ముందుంది. వయసునీ హోదానీ బట్టి ఎముకలు ఒక్కొక్కరి ముందుకీ వెళ్ళాయి. ఇరవై ఆరు మంది. గోడ పక్కన చిన్న బల్ల మీద లాప్‌టాప్. దాన్ని తెరిచే ఎలక్ట్రానిక్ తాళంచెవి గ్రూపు కార్యదర్శి జిపార మెడలో వేలాడుతోంది. తాళంచెవి గుచ్చి, ఆమె వేలు ఆనిస్తే చాలు, ఒప్పుకోలు వెళ్ళిపోతుంది.

మెదెర్‌కి ఎదురుగా ఫెలిక్స్. అతను రుమాలుతో మూతి తుడుచుకుని, కోటు జేబులోంచి పెన్ను తీశాడు. క్యాప్ రెండుసార్లు తిప్పి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

మెదెర్ చేతిలో మాంసం ముక్క అలాగే ఉండిపోయింది.

పక్కనే కూర్చున్న సల్తనత్ అతని గిన్నెలో టీ పోస్తూ పెదాలు కదలకుండా అంది. “కోప్పడకండి. మీ కర్నల్‌కీ పనిచేస్తాను, వీళ్ళకీ చేస్తాను. ఈ వారం వీళ్ళది.”

“నా సంగతి?”

“మూడు దాటాక డ్రైవర్లు మీకు సరస్సు చూపిస్తారు. పడవ సిద్ధంగా ఉంది. తినండి, చల్లారిపోతోంది.”

గోడ గడియారం రెండూ ముప్పై ఎనిమిది చూపిస్తోంది.

లేచి అరవొచ్చు. ఏమని? ఈ ఉదయమే ఈ బిల్లు కోసం గొంతు చించుకున్నవాడు అది మోసమంటే ఎవరు నమ్ముతారు? తన మాటలే ఇటుకలై చుట్టూ లేచాయి. ప్రతి ఇటుకా నున్నగా, బలంగా, తనే కాల్చినది. బెగాయిమ్ అన్నది నిజమే, తలుపు లోపల్నుంచే వేసుకున్నాడు. విచిత్రంగా అతనికి భయం వేయలేదు. భయానికి తప్పించుకునే ఆశ ఉండాలి.

ఫెలిక్స్ జిపార వైపు వంగి, “ఆలస్యమవుతోంది, ఒక్క నిమిషం లేచి రండి,” అన్నాడు.

జిపార అతని వైపు వింతగా చూసింది. “తాత దీవించకుండానా?”

అప్పుడు తట్టింది మెదెర్‌కి. ఈ గదిలో బందీ తనొక్కడే కాదు. పెద్దాయన అరచేతులెత్తి దీవించి, వాటిని మొహానికి తుడుచుకునేదాకా ఈ బల్ల దగ్గర్నుంచి ఎవరూ లేవరు. సాక్షాత్తు మంత్రి అయినా లేవడు.

కెరిమ్‌బాయ్ చేతులు తుడుచుకుని అరచేతులు పైకెత్తబోయాడు. రెండూ నలభై మూడు.

“తాతా!” అన్నాడు మెదెర్.

బల్లంతా ఉలిక్కిపడింది. దీవించబోయే చేతిని ఆపడం పిల్లలు కూడా చేయని తప్పు.

“మన్నించండి తాతా. పొద్దుట్నుంచీ అదుపు గురించి మాట్లాడుతున్నాం. మీ రోజుల్లో రేడియోకి అదుపు ఎలా ఉండేది?”

ముసలాయన ఎత్తబోయిన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. “ఊదా రంగు ముద్ర ఉండేది నాయనా. అది లేని కాగితం మైకు ముందుకి రాకూడదు. ముద్ర వేసే రోజాకి ఓనాడు పన్నునొప్పి వచ్చి డాక్టరు దగ్గరికెళ్ళింది. కాగితాల మీద ముద్ర లేదు. వాతావరణం కూడా చదవనివ్వలేదు నన్ను. నలభై నిమిషాలు తంబురా వాయిద్యమే వేశాం. ఆ సాయంత్రం కొండ మీద వడగళ్ళు పడ్డాయి. ఎన్ని గొర్రెలు పోయాయో! కాపర్లు ఎవర్ని తిట్టారనుకున్నావు? ముద్రనా? నన్ను!”

నవ్వారు. బెగాయిమ్ ఒక ప్రశ్న వేసింది. ఆయన ఇంకోటి చెప్పాడు, దగ్గాడు, టీ తాగాడు. ఫెలిక్స్ మణికట్టు చూసుకుంటున్నాడు.

“చాలు. పనులున్నాయి మీకు,” అని ముసలాయన చేతులెత్తాడు. ఇరవై అయిదు జతల అరచేతులు లేచాయి. రెండూ యాభై ఒకటి. దీవెన అర నిమిషం పడుతుంది.

మెదెర్ చేతులెత్తే ఉంచి, తలవంచి అన్నాడు. “తాతా, ఒక్కొక్కరినీ పేరుతో దీవించండి. పేరు లేని మాట ఎవరికి చేరుతుంది?”

సల్తనత్ తల గిర్రున తిప్పింది. బెగాయిమ్ అటువైపు నుంచి, “దీవెనకి కూడా రిజిస్ట్రేషనా అన్నా?” అంది.

“అడిగిందాంట్లో తప్పేముంది,” అన్నాడు కెరిమ్‌బాయ్. “చెప్పు తల్లీ, నీ పేరు? ఎవరి పిల్లవి?”

మొదలైంది. పేరు, తండ్రి పేరు, ఏ లోయ. ఆ లోయలో ఫలానా గుర్రం ఉండేది, అది చచ్చిపోయిందా? నీకు కొడుకులు పుట్టాలి. నీకు పుట్టినవాళ్ళు నీ మాట వినాలి. ఎవరి చేతులూ దిగలేదు. రెండూ యాభై ఏడుకి పద్నాలుగో మనిషి. ఫెలిక్స్ ఇక ఆగలేక లేచి నిలబడ్డాడు. కుర్చీ చప్పుడైంది. గది మొత్తం అతన్ని చూసింది.

“తాళంచెవి,” అన్నాడు సల్తనత్‌తో. “దాని మెడలోంచి తీసుకో. చెయ్యి పట్టుకుని లాక్కురా.”

జిపార ఆవిడకి మూరెడు దూరంలో ఉంది; ఫెలిక్స్‌కి మధ్యలో బల్ల అడ్డం.

“నువ్వమ్మా?” అన్నాడు అప్పుడే కెరిమ్‌బాయ్. “ఎవరి పిల్లవి?”

అడిగింది సల్తనత్‌ని. ఆ నాలుగు భాషల మనిషి చిన్నపిల్లలా చెప్పింది. “నరీన్ వైపు తాతా. జక్షిలిక్ కూతుర్ని.”

“లారీ డ్రైవరు జక్షిలిక్? మంచు దారిలో నా పెళ్ళాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళిన జక్షిలిక్?”

“ఆయనే.”

“సల్తనత్!” అన్నాడు ఫెలిక్స్ పళ్ళబిగువున.

ఆవిడ కదలలేదు. మెదెర్ పక్కనుంచి చూశాడు. ఆవిడ అరచేతులు ఎత్తినట్టే ఉన్నాయి. రెండు దేశాల్ని అమ్మిన చేతులు. వాటిని కిందికి దించితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. అదొక్కటే ఆవిడకి చేతకాలేదు.

“మీ నాన్న చేసిన మేలు నీ ముందు నడవాలి,” అన్నాడు ముసలాయన, తొందరేమీ లేకుండా.

గోడ బల్ల మీద లాప్‌టాప్ చిన్నగా మోగింది. తెర మీద ఎర్ర గీత వచ్చింది. మూడు గంటలు. రిజిస్టర్ మూసుకుంది.

ఇంకా తొమ్మిది మంది మిగిలారు. వాళ్ళందరి వంతూ అయ్యాకే కెరిమ్‌బాయ్ దీవెన ముగింపుగా “ఓమిన్” అని అరచేతులు మొహానికి తుడుచుకున్నాడు. అందరూ తుడుచుకున్నారు. ఫెలిక్స్ అప్పటికి కారు స్టార్టు చేస్తున్నాడు.

డ్రైవర్లిద్దరూ గుమ్మంలో నిలబడే ఉన్నారు. మెదెర్ ముసలాయన చెయ్యి పట్టుకుని లేపాడు. ఆయన్ని ఆసరాగా పట్టుకున్న మనిషి మీద ఎవరు చెయ్యి వేస్తారు? వాళ్ళు పక్కకి తప్పుకున్నారు. బస్సులో కూడా ఆయన పక్కనే కూర్చున్నాడు, బిష్కెక్ దాకా.

దిగేటప్పుడు బెగాయిమ్ అతని ముందు ఆగింది. “దీవెనల్లోనూ పేర్లు రాయించారు. మీకు జబ్బు అన్నా,” అని వెళ్ళిపోయింది. పదిమంది క్షేమంగా ఉన్నారని, పదకొండోవాడు ఆవిడ ఎదురుగానే నిలబడ్డాడని చెప్పడానికి అతనికి నోరు లేదు.

*

“ఫెలిక్స్ విమానాశ్రయంలో దొరికాడు,” అన్నాడు కర్నల్ మర్నాడు తన ఆఫీసులో. “సల్తనత్ పొద్దున్నే వచ్చి నిజమంతా రాసిచ్చింది. ఈ వారం నుంచి మనదేనట. బిల్లు సెప్టెంబరులో మళ్ళీ వస్తుంది. నువ్వే మాట్లాడాలి, అనుకూలంగా.”

“మళ్ళీ నేనేనా సార్?”

“నీ అంత బాగా ఎవరు చెప్తారు?” కర్నల్ కాగితాలు సర్దాడు. మళ్ళీ సర్దాడు. కిటికీ వైపు చూస్తూ అడిగాడు. “ఆ పెట్టె... రెండో తీగ పీకేస్తే, మిగతాది పనిచేస్తుంది కదా? ఆ పదకొండు మంది ఎవరో మనం తెలుసుకుంటే వాళ్ళకే మంచిది. ఊరికే అడుగుతున్నాను.”

మెదెర్ లేచి టోపీ పెట్టుకున్నాడు.

“వాతావరణం ఈ ఉదయం దాకా బాగానే ఉంది సార్,” అన్నాడు, కారు అద్దం మీద నురుగు జారిపోయాక మాట్లాడుకున్నట్టే. “సాయంత్రం సంగతి నేను హామీ ఇవ్వలేను.”